కిందపడ్డాక డ్యూక్ 390 మాగ్నెటో కవర్‌కి చిల్లు: కొత్తది వెయ్యాలా, వెల్డింగ్ చాలా?

ఘాట్‌రోడ్డు (హైదరాబాద్)
అందరికీ నమస్తే. ఆదివారం పొద్దున అనంతగిరి ఘాట్ దిగుతుంటే ఎడమ మలుపులో కంకర ఉంది. ముందు చక్రం జారి బండి ఎడమ పక్కకి పడింది. స్పీడ్ తక్కువే. జాకెట్, గ్లౌజులు ఉన్నాయి కాబట్టి మోచెయ్యి గీసుకుపోవడం తప్ప నాకేం కాలేదు.

బండి డ్యూక్ 390, పాత 373 సీసీ ఇంజిన్. కొని రెండేళ్లు దాటింది. పడినప్పుడు గేర్ లివర్ లోపలికి వంగి, దాని కొస నేరుగా మాగ్నెటో కవర్‌లోకి (కరెంటు పుట్టించే మాగ్నెటో మీద ఉండే ఇంజిన్ ఎడమ పక్క మూత) దిగింది. సుమారు సెంటీమీటర్ చిల్లు, దాని నుంచి పైకి సన్నగా ఒక పగులు. ఆయిల్ చాలా వరకు రోడ్డు పాలైంది. ఇంజిన్ అప్పుడే ఆగిపోయింది, మళ్లీ స్టార్ట్ చెయ్యలేదు. వికారాబాద్ నుంచి ట్రాలీ ఆటో మాట్లాడుకుని ఇంటికి తెచ్చాను.

సర్వీస్ సెంటర్‌కి ఫొటోలు పంపితే కవర్, గాస్కెట్, గేర్ లివర్, ఫుట్‌రెస్ట్‌తో పాటు స్టేటర్ కాయిల్ (మాగ్నెటోలో కదలని తీగచుట్ట), రోటర్ (దాని చుట్టూ తిరిగే అయస్కాంతం) కూడా ఎస్టిమేట్‌లో రాశారు. తెలిసిన మెకానిక్ ఏమో ఆర్గాన్ వెల్డింగ్ పెట్టిస్తే గంటలో పనైపోతుందంటున్నాడు. ఇన్సూరెన్స్ ఉంది. ఏం చెయ్యమంటారు?

గాజువాక390 (విశాఖపట్నం)
నువ్వు బాగున్నావు, అది చాలు బ్రో. హెల్మెట్ నేలకి తగిలిందా? తగిలితే ముందు అది మార్చు, బండి సంగతి తర్వాత.

ఎడమ వైపు పడటం ఒక రకంగా నయం. ఈ ఇంజిన్‌కి కుడి వైపు క్లచ్ కవర్‌లోనే వాటర్ పంప్ ఉంటుంది. అటు పడి పగిలితే ఆయిల్‌తో పాటు కూలెంట్ కూడా పోయేది, బిల్లు పెరిగేది. ఎడమ వైపు ఉండేది మాగ్నెటో, దాని వెనక సెల్ఫ్ స్టార్టర్ గేర్లు. నాదీ ఇలాగే గేర్ లివర్ గుచ్చుకునే పోయింది. ఈ బండ్లకి ఇది మామూలే.

ఆటోనగర్ బాబాయ్ (విజయవాడ)
స్టార్ట్ చెయ్యకుండా తెచ్చావు చూడు, అక్కడే సగం ఖర్చు తప్పింది. చాలామంది "చిన్న చిల్లే కదా" అని గుడ్డ కుక్కి పదో పరకో కిలోమీటర్లు నడిపేస్తారు. ఆ తర్వాత మా దగ్గరికి వచ్చేది కవర్ పని కాదు, క్రాంక్ (ఇంజిన్ లోపల తిరిగే ప్రధాన ఇరుసు) పని.

వెల్డింగ్ గురించి ఎవరికి తోచింది వాళ్లు చెప్తారు గానీ, నేను రెండు రకాలూ చేసినవాణ్ణి. అల్యూమినియం పోత కవర్‌ని ఆర్గాన్‌తో అతకొచ్చు, అతుకు నిలుస్తుంది కూడా. కాకపోతే ఆ పోత ఏళ్ల తరబడి ఆయిల్ తాగి ఉంటుంది. ఎంత కడిగినా మంట తగలగానే లోపలి నూనె పైకి పొంగుతుంది, వెల్డింగ్‌లో బుడగలు పడతాయి. బుడగ ఉన్నచోట నెమ్మదిగా చెమ్మ తేలుతుంది. ఇంకో సంగతి, వేడికి కవర్ వంకర పోతుంది. గాస్కెట్ కూర్చునే అంచు ఒక వెంట్రుక మందం లేచినా ఆయిల్ ఆగదు. అందుకే అతికాక లేత్ షాపులో ఫేసింగ్ చేయించాలి, అంటే ఆ అంచు చదును చేయించాలి. మీ మెకానిక్ చెప్పిన గంటలో ఇదంతా ఉందో లేదో అడుగు.

పార్ట్ దొరకని పాత బండి అయితే వెల్డింగే దిక్కు. నీ బండికి కొత్త కవర్ దొరుకుతుంది. కొత్తదే వెయ్యి.

పాలసీ పేపర్ (వరంగల్)
విప్పకముందే ఇన్సూరెన్స్ లెక్క తేల్చుకోండి. క్లెయిమ్ చేసేటట్లయితే కంపెనీకి ముందే చెప్పాలి, వాళ్లు చూశాకే విప్పాలి. విప్పేశాక వెళ్తే పేచీ పెడతారు.

ఇప్పుడు లెక్క. బండి వయసు రెండేళ్లు దాటి మూడేళ్ల లోపు కాబట్టి ఇనుము, అల్యూమినియం భాగాల మీద 15% తరుగు తీసేస్తారు. రబ్బరు, ప్లాస్టిక్ భాగాల మీద 50%. టూవీలర్‌కి తప్పనిసరి కోత 100 రూపాయలు. జీరో డెప్ తీసుకుని ఉంటే ఈ తరుగు బాధ ఉండదు. ఆయిల్, గాస్కెట్ లాంటి వాటికి కన్స్యూమబుల్స్ యాడ్-ఆన్ లేకపోతే మామూలుగా డబ్బులు రావు.

అసలు దెబ్బ నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ లేని ఏళ్లకి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మీద. రెండేళ్లు క్లెయిమ్ లేకుండా ఉంటే మీకిప్పుడు 25% నడుస్తుండాలి. క్లెయిమ్ చెయ్యకపోతే వచ్చే ఏడాది 35, ఆపై 45, ఆ తర్వాత 50 దగ్గర ఆగుతుంది. చేస్తే సున్నా నుంచి మళ్లీ 20, 25, 35, 45 ఎక్కాలి. ఏడాదికేడాది తేడా కూడితే 35+25+25+15+5, మొత్తం 105%. అంటే మీ ఓన్ డ్యామేజ్ (సొంత బండి నష్టానికి కట్టే) ప్రీమియం ఏడాదికి 2,000 అనుకుంటే, ఈ క్లెయిమ్ వల్ల ముందు ముందు సుమారు 2,100 చేజారుతుంది. థర్డ్ పార్టీ ప్రీమియం ఇందులో కలపకండి, దానికి బోనస్ లేదు. బిల్లులో మీకు వచ్చేది ఈ మొత్తం కన్నా బాగా ఎక్కువైతేనే క్లెయిమ్.

బాబాయ్ గారు చెప్పినదానికి ఇంకొక మాట. ఆయిల్ లేకుండా నడిపి ఇంజిన్ పట్టేస్తే, అది ప్రమాదంలో జరిగిన నష్టం కాదు, ఆ తర్వాత నడపడం వల్ల వచ్చిన నష్టం అని కొట్టేస్తారు.

ఘాట్‌రోడ్డు (హైదరాబాద్)
పాలసీ గారూ, ఈ లెక్క ఎవరూ ఇంత విప్పి చెప్పలేదు, థాంక్స్. జీరో డెప్ లేదు. స్టేటర్, రోటర్ నిజంగా పోయి ఉంటే క్లెయిమ్ చేస్తాను, కవర్ ఒక్కటే అయితే నేనే పెట్టుకుంటాను. కానీ విప్పకుండా స్టేటర్ బాగుందో లేదో ఎలా తెలుస్తుంది?

మల్టీమీటర్ (తిరుపతి)
విప్పక్కర్లేదు అన్నా. స్టేటర్ కాయిల్ ఆ కవర్ లోపలి గోడకే బిగించి ఉంటుంది. దాని నుంచి వచ్చే మూడు వైర్ల కనెక్టర్ రెగ్యులేటర్ దగ్గర దొరుకుతుంది. కనెక్టర్ ఊడదీసి మీటర్‌ని ఓమ్స్‌లో పెట్టండి. మూడు వైర్లలో ఏ రెండిటి మధ్య చూసినా రీడింగ్ తక్కువగా, మూడు జతలకీ దాదాపు ఒకేలా రావాలి. తర్వాత ఒక ప్రోబ్ ఇంజిన్ బాడీకి పెట్టి, రెండోది ఒక్కో వైర్‌కి పెట్టండి. కంటిన్యుటీ (రెండిటి మధ్య కరెంటు దారి) అస్సలు రాకూడదు. వచ్చిందంటే వైండింగ్ ఎక్కడో బాడీకి తగులుతోందని అర్థం.

ఆ కవర్‌లోనే పికప్ కాయిల్ కూడా ఉంటుంది. క్రాంక్ ఎక్కడుందో ఈసీయూకి (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) చెప్పేది అదే. దాని వైర్లు కూడా చూడండి. లివర్ కొస లోపలికి ఎంత దిగిందన్నదే ముఖ్యం. కాయిల్ రాగి తీగ మీద గీత పడినా, ఇవాళ మీటర్ బాగానే చూపించి వేడెక్కాక మొరాయించొచ్చు. కాబట్టి విప్పాక కంటితో కూడా చూసి తీరాలి.

రోటర్ మాత్రం దిట్టమైన ఉక్కు ముక్క. చిన్న స్పీడ్‌లో పడితే దానికేమీ కాదు. ఎస్టిమేట్‌లో ఎందుకు రాశారో వాళ్లనే అడగండి.

బుల్లెట్ మావయ్య (రాజమహేంద్రవరం)
మీ గొడవ చూస్తుంటే నవ్వొస్తోంది. మా పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్‌కి ఎడమ పక్క చైన్ కేస్ మూతకి మధ్యలో ఒకే ఒక నట్టు. ఫుట్‌రెస్ట్, బ్రేక్ పెడల్ పక్కకి తీసి ఆ నట్టు విప్పితే మూత చేతికొచ్చేస్తుంది. పేపర్ గాస్కెట్ కూడా కాదు, చుట్టూ రబ్బరు సీలు. అందులో ఆయిల్‌కీ ఇంజిన్ ఆయిల్‌కీ సంబంధం లేదు.

గాజువాక390 (విశాఖపట్నం)
మావయ్యా, ఆ ఒక్క నట్టు దగ్గర కారని బుల్లెట్ ఒక్కటి చూపించండి 😀

బుల్లెట్ మావయ్య (రాజమహేంద్రవరం)
కారుతోందంటే లోపల ఆయిల్ ఉందని ధైర్యం కదా అల్లుడూ.

ఘాట్‌రోడ్డు (హైదరాబాద్)
మీటర్ పెట్టి చూశాను. మూడు జతలూ ఒకేలా ఉన్నాయి, బాడీకి కంటిన్యుటీ లేదు. పికప్ కూడా బాగానే ఉంది. అయితే క్లెయిమ్ వద్దు, నేనే విప్పుతాను. ఇంజిన్ కవర్ ఎప్పుడూ విప్పలేదు, కొంచెం టెన్షన్‌గా ఉంది. ఎక్కడ జాగ్రత్తపడాలో చెప్పండి. కవర్, గాస్కెట్ ఆర్డర్ పెట్టేశాను.

ఆటోనగర్ బాబాయ్ (విజయవాడ)
ఆర్డర్ పెట్టేముందు పార్ట్ నంబర్ చూశావా? 200 కవర్, 390 కవర్ పైకి ఒకేలా కనిపిస్తాయని కౌంటర్‌లో ఏదో ఒకటి చేతిలో పెడితే తీసుకోకు. మీ ఊళ్లో పుత్లీబౌలి వైపు వెతికేవాళ్లకి కూడా ఇదే మాట. పాత కవర్ చేతిలో పట్టుకెళ్లి, బోల్టు కన్నాలు, లోపలి బాసులు (బోల్టులు, ఇరుసులు కూర్చునే ఉబ్బులు) ఒకటికి ఒకటి ఆనించి చూసుకోవాలి.

విప్పేటప్పుడు ముందు బండిని ప్యాడాక్ స్టాండ్ (వెనక చక్రాన్ని ఎత్తి పట్టే స్టాండ్) మీద నిటారుగా పెట్టి, మిగిలిన ఆయిల్ దింపెయ్యి. కింద పడ్డ మట్టి, కంకర కవర్ చుట్టూ అంటుకుని ఉంటుంది. విప్పకముందే బ్రష్‌తో, కిరసనాయిలుతో శుభ్రంగా కడుగు. చిల్లుకి గుడ్డ అడ్డం పెట్టి కడుగు, లేకపోతే చెత్త అంతా లోపలికే.

బోల్టులన్నీ ఒకే పొడుగు ఉండవు. అట్టముక్క మీద కవర్ బొమ్మ గీసి, తీసిన బోల్టు తీసిన చోటే గుచ్చు. పొడుగు బోల్టు పొట్టి కన్నంలో వేస్తే అడుగు తగిలి క్రాంక్‌కేస్ (ఇంజిన్ అసలు బాడీ) పగులుతుంది, పొట్టిది పొడుగు కన్నంలో వేస్తే రెండు మరల మీదే ఆగి ఊడొస్తుంది.

మల్టీమీటర్ (తిరుపతి)
బాబాయ్ గారు చెప్పనిది ఒకటి. బోల్టులన్నీ తీశాక కూడా కవర్ రాదు. గాస్కెట్ అంటుకుని ఉండటం ఒకటి, రోటర్ అయస్కాంతం లోపలి స్టేటర్‌ని లాగి పట్టుకోవడం ఇంకొకటి. స్క్రూడ్రైవర్ సందులో దూర్చి తిప్పొద్దు, గాస్కెట్ అంచు పాడవుతుంది. రబ్బరు సుత్తితో చుట్టూ మెల్లగా తట్టి, వంకర పోకుండా నేరుగా బయటికి లాగండి. వచ్చేటప్పుడు స్టార్టర్ గేర్, దాని ఇరుసు, వాషర్లు కవర్‌తో పాటు వచ్చి కింద పడొచ్చు. కింద తెల్లటి పాత బట్ట పరవండి. ఏ వాషర్ ఎటు వైపు ఉందో ఫోన్‌లో వీడియో తీస్తూ విప్పడం మంచిది.

పెట్టేటప్పుడు అదే అయస్కాంతం కవర్‌ని చటుక్కున లోపలికి లాగుతుంది. వేళ్లు మధ్యలో ఉంటే నలుగుతాయి. తలలు కోసేసిన పొడుగు ఎం6 బోల్టులు రెండు ఎదురెదురు కన్నాల్లో తిప్పి, వాటి మీదుగా కవర్‌ని జార్చితే వంకర పోదు.

ఘాట్‌రోడ్డు (హైదరాబాద్)
విప్పాను. లివర్ స్టేటర్‌కి కొన్ని మిల్లీమీటర్ల దూరంలో ఆగింది, కాయిల్ మీద గీత కూడా లేదు. స్టార్టర్ గేర్ మీరన్నట్లే బట్ట మీద పడింది.

చెడ్డ వార్తలు రెండు. లివర్‌కి దగ్గరగా ఉన్న బోల్టు విప్పుతుంటే క్రాంక్‌కేస్ మరలు దారంలా దానికి చుట్టుకుని వచ్చేశాయి. రెండోది, చిల్లు నుంచి లోపలికి పడ్డ కవర్ ముక్కలు కొన్నే దొరికాయి. రోటర్‌కి అయస్కాంతం ఉంది కదా, మిగతావి దానికి అంటుకుని ఉండాలిగా? అక్కడ ఏం లేవు.

గాజువాక390 (విశాఖపట్నం)
అల్యూమినియం అయస్కాంతానికి అంటదు బ్రో. రోటర్‌కీ అంటదు, అయస్కాంతం ఉన్న డ్రెయిన్ బోల్టుకీ అంటదు. అందుకే ఇవి ప్రమాదం. ఇనుప రజను అయితే బోల్టు పట్టుకుంటుంది, ఇవి ఆయిల్‌తో పాటు కిందికి దిగి ఆయిల్ పంప్ జాలీ దగ్గరికి చేరతాయి.

దొరికిన ముక్కల్ని పాత కవర్ చిల్లులో ఒక్కోటి పేర్చి చూడు. ఎంత ఖాళీ మిగిలిందో అంత ముక్క లోపల ఉన్నట్టు. కొంత బయట ఘాట్‌లోనే పడిపోయి ఉండొచ్చు గానీ, లోపలే ఉందనుకుని వెతకాలి. ఈ ఇంజిన్‌కి ఆయిల్ ఫిల్టర్‌తో పాటు జాలీలు కూడా ఉన్నాయి. అవి విప్పి చూడు, దింపిన ఆయిల్ పాత పలచటి చీరముక్కలో వడకట్టు.

ఆటోనగర్ బాబాయ్ (విజయవాడ)
మర పోయినదానికి భయపడకు తమ్ముడూ. హెలికాయిల్ (కన్నంలో కొత్త మరగా కూర్చునే ఉక్కు తీగ చుట్ట) వేస్తే పాత మర కన్నా గట్టిగా ఉంటుంది. ఎం6 కిట్ దొరుకుతుంది. దానితో వచ్చే డ్రిల్లుతోనే, అదే కన్నంలో, నిటారుగా కొట్టాలి. చేతికి అలవాటు లేకపోతే అది మాత్రం లేత్ షాపు మనిషిని ఇంటికి పిలిపించి చేయించుకో. కన్నం ఒక పక్కకి ఒరిగితే క్రాంక్‌కేస్ అవుతుంది ఖర్చు. డ్రిల్లు కొట్టేముందు రోటర్ చుట్టూ గుడ్డలు కుక్కి, ట్యాప్ (మర కోసే పనిముట్టు) మరల్లో గ్రీజు నింపు. రజను గ్రీజుకి అంటుకుని బయటికొస్తుంది.

మరలో ఎం-సీల్ పెట్టి బోల్టు తిప్పమని ఎవరైనా చెప్తే వినకు. ఎం-సీల్ పని వేరే. దారిలో చిల్లు పడి ఊరు చేరడానికి ఆధారం లేనప్పుడు, బాగా తుడిచి, ఆరనిచ్చి, ఆయిల్ పోసుకుని మెల్లగా ఇంటిదాకా రావడానికి పనికొస్తుంది. ఇంటికొచ్చాక తీసెయ్యాల్సిందే. వేడి ఆయిల్‌కి కొన్నాళ్లకి అంచులు వదిలేస్తుంది.

సందేహం (కర్నూలు)
మధ్యలో వస్తున్నా, క్షమించండి. కొత్త గాస్కెట్ ఎందుకు? మా దగ్గర గాస్కెట్ షీట్ కొని కత్తెరతో కోసి వేస్తారు. లేదంటే సిలికాన్ పేస్టు మందంగా పూసి బిగిస్తారు. ఎప్పుడూ కారలేదు.

మల్టీమీటర్ (తిరుపతి)
కారకపోవడం ఒక్కటే పని కాదు అన్నా. గాస్కెట్ మందం మారితే కవర్ ఆ మేరకు దగ్గరికో దూరానికో జరుగుతుంది. స్టార్టర్ గేర్ ఇరుసు ఒక చివర కవర్‌లోనే ఆడుతుంది, దాని ఆట మారుతుంది. షీట్ కోసినా అసలు మందంతో సమానంగా ఉన్నదే తేవాలి.

సిలికాన్ పేస్టు మందంగా పూస్తే బయటికి పొంగినది కంటికి కనిపిస్తుంది, గోకేస్తాం. లోపలికి కూడా అంతే పొంగుతుంది, అది విడిపోయి మళ్లీ ఆ జాలీ దగ్గరికే వెళ్తుంది. పేస్టు కావలసింది రెండు చోట్లే: స్టేటర్ వైర్లు బయటికొచ్చే రబ్బరు బిరడా చుట్టూ, క్రాంక్‌కేస్ రెండు సగాలు కలిసే గీత మీద సన్నగా. మిగతా చోట గాస్కెట్ పొడిగానే కూర్చోవాలి.

డాలస్ తెలుగోడు (టెక్సస్)
ఇక్కడ నేను ట్రాక్ డేలకి వెళ్తుంటాను. రేసింగ్‌లో ఈ సమస్య మీద ఎంత పట్టుదల అంటే, ఆయిల్ ఉండే ఇంజిన్ కవర్ల మీద ఇంకొక రక్షణ కవర్ వెయ్యాలని సూపర్‌బైక్ రూల్స్‌లోనే ఉంటుంది. డ్రెయిన్ బోల్టుకి తీగ కట్టాలి. ఒకడి ఇంజిన్ పగిలి ఆయిల్ ట్రాక్ మీద పడితే వెనకొచ్చే పదిమంది జారి పడతారని. ఘాట్‌లో మీ బండి ఆయిల్ పడ్డచోట మట్టి చల్లారా? టూవీలర్ వాళ్లకి అది కంకర కన్నా ప్రమాదం.

ఘాట్‌రోడ్డు (హైదరాబాద్)
చల్లాం అన్నా. పక్కనే టీ బండి ఆయన తట్టతో మట్టి తెచ్చి పోశాడు, ఒక కొమ్మ కూడా పెట్టాడు.

ఇక అప్‌డేట్. లేత్ షాపు ఆయన వచ్చి హెలికాయిల్ వేశాడు. ఫిల్టర్‌లో ఏం లేదు గానీ, జాలీలో మెరుస్తున్న ముక్క ఒకటి దొరికింది. పాత కవర్‌లో పేర్చితే చిల్లు దాదాపు నిండింది. పాత గాస్కెట్ ప్లాస్టిక్ కార్డుతో గోకాను. డోవెల్ పిన్నుల్లో (కవర్‌ని సరైన చోట కూర్చోబెట్టే చిన్న గొట్టాలు) ఒకటి పాత కవర్‌లోనే ఉండిపోయింది, గాజువాక బ్రో ఫోన్‌లో గుర్తు చెయ్యకపోతే దానితో పాటే మూలన పడేసేవాణ్ణి. ఇప్పుడు బోల్టులు ఎంత బిగించాలి?

గాజువాక390 (విశాఖపట్నం)
ఎం6 బోల్టులు, అల్యూమినియం మరలు, 10 న్యూటన్ మీటర్లు. ఇది చాలా తక్కువ బిగింపు. పొడుగు పానాతో బలం చూపిస్తే ఇంకో హెలికాయిల్. ముందు అన్నీ చేత్తో తిప్పి కూర్చోబెట్టి, ఆ తర్వాత ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించు. టార్క్ రెంచ్ లేకపోతే అద్దెకి తెచ్చుకో.

గేర్ లివర్ కొత్తది వేసేటప్పుడు గేర్ షాఫ్ట్ కూడా వంగిందేమో చూడు. లివర్ తీసేసి షాఫ్ట్‌ని చేత్తో తిప్పితే కొస గుండ్రంగా కాకుండా ఊగుతుంటే వంగినట్టే. అక్కడి ఆయిల్ సీల్ కూడా తుడిచి చూడు. లివర్ మాత్రం ఈసారి కొస మడిచేది కొను. పడితే కొస వెనక్కి మడుచుకుంటుంది, కవర్‌లోకి దిగదు. ఫ్రేమ్ స్లైడర్లు (పడినప్పుడు ముందు నేలకి తగిలే పక్క దిమ్మలు) కూడా పెట్టించు, కానీ వాటినే నమ్ముకోకు. లివర్ గుచ్చుకునే చోటుని చాలా స్లైడర్లు కాపాడవు.

ఆటోనగర్ బాబాయ్ (విజయవాడ)
ఆయిల్ కొత్తది పొయ్యి, కానీ ఖరీదైనది వద్దు. నాలుగు రోజులు ఊళ్లోనే తిప్పి, ఆ ఆయిల్, ఫిల్టర్ రెండూ మళ్లీ మార్చెయ్యి. జాలీ మళ్లీ ఒకసారి చూడు. అప్పుడు మంచి ఆయిల్ పోసుకో.

లీకు చూడటానికి కవర్ అంచంతా పెట్రోల్ గుడ్డతో తుడిచి, ఆరాక టాల్కం పౌడర్ అద్దు. ఇంజిన్ బాగా వేడెక్కేదాకా నడిపి చూడు. ఎక్కడ తడి ఉంటే అక్కడ పౌడర్ నల్లబడుతుంది. మొదటిసారి స్టార్ట్ చేశాక ఆయిల్ లైట్ ఆరకపోతే వెంటనే ఆపెయ్యి.

ఘాట్‌రోడ్డు (హైదరాబాద్)
స్టార్ట్ అయింది! ముందు సెల్ఫ్ తిరుగుతోంది గానీ అందుకోలేదు, గుండె ఆగినంత పనైంది. కనెక్టర్ ఒకటి సరిగ్గా నొక్కలేదు, నొక్కాక ఒక్క దెబ్బకి అందుకుంది. ఆయిల్ లైట్ వెంటనే ఆరింది. పౌడర్ తెల్లగానే ఉంది. బ్యాటరీ దగ్గర రేజ్ చేస్తే 14 వోల్టులు పైనే చూపిస్తోంది.

మల్టీమీటర్ (తిరుపతి)
14 దాటితే ఛార్జింగ్ బాగుంది. పాత కవర్ పారెయ్యకండి. తీరిగ్గా ఆర్గాన్ పెట్టించి, ఫేసింగ్ చేయించి అటక మీద ఉంచుకోండి.

సందేహం (కర్నూలు)
నాదొక చివరి ప్రశ్న. స్ప్లెండర్ కుడి వైపు కవర్, కిక్ రాడ్ దగ్గర ఆయిల్ చెమ్మ. బండి పడలేదు. దీనికీ కవర్ మార్చాలా?

ఆటోనగర్ బాబాయ్ (విజయవాడ)
అక్కర్లేదు. కిక్ షాఫ్ట్ ఆయిల్ సీల్ పోయింది. కిక్ రాడ్ తీసి పాత సీల్ లాగి కొత్తది కొట్టిస్తే సరిపోతుంది, కవర్ విప్పే పని కూడా ఉండకపోవచ్చు. మిగతా వివరాలు వేరే పోస్టు పెట్టు, అక్కడ చెప్తాను.